చిన్న బడి పంతులమ్మ



1974లో మా ఆవిడ సికింద్రాబాదులో క్రైస్తవ సిస్టర్లు నడిపే కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణకు చేరింది. రాత్రిళ్ళు పాఠ్య పథకాలు రాసేది. చింతగింజలతో కూడికలు, అగ్గిపుల్లలతో అక్షరాలు కూర్చేది. నల్లబల్ల మీద వరుస వంకరపోతే సిస్టరుగారు చెరిపించి మళ్ళీ రాయించేవారట. "ఒకటో తరగతికి ఇంత తతంగమా?" అని నవ్వేవాణ్ణి.

"పెద్దవాళ్ళకు చెప్పడం వేరు, పసివాళ్ళకు చెప్పడం వేరండీ" అనేది. నాకు ఎక్కలేదు. తర్వాత మా అమ్మాయి అదే శిక్షణ కోరితే, చిన్న బడి ఉద్యోగం ఎందుకని బి.ఎడ్.లో చేర్పించాను.

ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బి.ఎడ్. అర్హత కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేపరు మా ఆవిడ ముందు పెట్టి, ఓడిపోయానన్నాను.

ఇప్పుడు మనవరాలు రెండేళ్ళ డి.ఎల్.ఎడ్.లో చేరింది. ఫీజు నా పెన్షనులోంచే కట్టాను.

ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు రాసిన నన్ను మోండా మార్కెట్లో ఎవరూ గుర్తుపట్టరు. ఆవిడను చూస్తే కూరలమ్మే ఆయన లేచి నిలబడతాడు. మీ ఇంట్లో పిల్లలు ఈ చదువు అడిగితే కాదనకండి. సెలవు.