బార్బెరా: పల్లెపంక్తి ద్రాక్షాసవము

ఇటలీ దేశమునకు వాయవ్యమున, ఆల్ప్సు పర్వతముల దాపున నున్న సీమకు పియెమోంతె యని పేరు. ఆ పేరునకు ‘కొండపాదము’ అని యర్థము. అచట ఆస్తి పట్టణము చుట్టును మొన్ఫెర్రాతో మెట్టలపై ద్రాక్షతోటలు వరుసలు తీరియుండును. ఆ తోటల నల్లద్రాక్షలలో నొకటి బార్బెరా. దానినుండి తీసిన యెర్రని ద్రాక్షాసవమునకును అదియే పేరు. ఆ ద్రాక్షాసవమును గూర్చియు, దానికి జోడైన వంటలను గూర్చియు శ్రోతలకు నేడు నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఆ సీమయందే నెబ్బియోలో ద్రాక్షతో చేయు బారోలో అను ద్రాక్షాసవము కలదు. అది ఖరీదైనది, వగరు మెత్తబడుటకు ఏండ్లు పట్టును. బార్బెరా యట్లు కాదు. అది రైతుల నిత్యభోజనమున చెంబులో పోసి పెట్టుకొనునట్టిది. ఆ ప్రాంతమువారు దానిని స్త్రీలింగముననే వ్యవహరింతురు. ఇంటి ఆడపడుచును పిలిచినట్లుండును.

రుచిని తూచుటకు పులుపు, వగరు అను రెండు గుణములు ముఖ్యములు. వగరు ద్రాక్షతొక్కనుండియు గింజనుండియు వచ్చును. బార్బెరాలో వగరు తక్కువ, పులుపు మెండు. పండు చక్కగా మాగినను ఆ పులుపు అంతగా తరుగదు. కొవ్వుగల యాహారము నాలుకపై పూతవలె నిలిచినపుడు పులుపు దానిని కడిగి, తరువాతి ముద్దకు నోటిని సిద్ధపరచును. ముద్దపప్పు నేతితో తినునపుడు మనము ఊరగాయను కోరుటయు ఈ న్యాయముననే.

బార్బెరాకు తగిన వంటలలో మొదట చెప్పదగినది బాన్య కౌదా. చలికాలమున వెల్లుల్లిని, ఉప్పులో ఊరిన చిన్న చేపలను ఆలివునూనెలో సన్నని సెగపై కరగించి, మట్టిపాత్రతో బల్లనడుమ నుంతురు. పాత్ర క్రింద చిరుదీపము వెలుగుచుండును. అందరును చుట్టు కూర్చుండి కూరముక్కలను అందు ముంచుకొని తిందురు. నిజ్జా పట్టణపు కార్దో కాడలు ఇందులకు ప్రసిద్ధములు. ఆ మొక్కను వంచి మన్ను కప్పగా కాడ తెల్లబడి లేతయై, గూనివలె వంగును. దానిని పచ్చిగనే తినవచ్చును. పియెమోంతెకు సముద్రము లేదు. ఆ చేపలు లిగూరియా తీరమునుండి కొండదారులవెంట వచ్చెడివి. ఉప్పుచేపతో మిక్కిలి వగరైన ద్రాక్షాసవము కలిసిన నోరు చేదగును. బార్బెరా హాయిగా ఇముడును. వేచిన మాంసము కూరిన అఞొలొత్తి పిండివంటకును, ఉడికిన మాంసములకును, తక్కాళిపులుసు వంటకములకును అది యట్లే పొసగును. సుకుమారమైన చేపరుచిని మాత్రము మరుగుపరచును.

ఇట్టి యింటివస్తువునకు 1986లో పెద్ద కళంకము వచ్చినది. కొందరు వర్తకులు చవుక ద్రాక్షాసవమునకు బలము చూపుటకై మిథైల్ ఆల్కహాలు అను విషమును కలిపిరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. మరికొందరు చూపు కోల్పోయిరి. ఆ సీసాలలో బార్బెరా పేరు గలవియు నుండెను. ఎగుమతులు పడిపోయినవి. తోట నెరుగని వర్తకుడు చేసిన ద్రోహమునకు కష్టించిన రైతు తలవంచుకొనవలసి వచ్చినది. కల్తీసారా చావులను ఎరిగిన మన దేశమువారికి ఆ బాధను వేరుగ వివరింప నక్కరలేదు.

పోయిన పేరు పనితోడనే తిరిగి వచ్చినది. రొక్కెత్తా తనారో గ్రామమునకు చెందిన జాకొమో బొలోఞా 1982 పంటనుండియే బార్బెరాను చిన్న ఓకుపీపాలలో నిలువచేసి, ఈ పల్లెద్రాక్ష బారోలో సరసన నిలువగలదని చూపెను. ఆయన 1990లో మరణించెను. ఆయన చూపిన దారిని పలువురు పట్టిరి. 2008లో ఆస్తి బార్బెరాకు దేశపు అత్యున్నత నియమముద్ర లభించినది. 2014లో నిజ్జాకు వేరు ముద్ర వచ్చినది. అందు బార్బెరా తప్ప వేరొక ద్రాక్ష చేరరాదు. ఆ యేడే యునెస్కో ఆ తోటలసీమను ప్రపంచ వారసత్వమున చేర్చినది.

అయినను మట్టిపాత్ర చుట్టు కూర్చుండువారు నేటికిని మామూలు బార్బెరానే కోరుదురు. ఆ సీసాపై నున్న పేరును నమ్మి వారు గుక్క మ్రింగుదురు. ఆ నమ్మకమును కాపాడుటయే తోటవాని తొలి ధర్మమని మా భావము.