డాక్టర్ జాన్సన్ తీర్పు మీద ఒక అప్పీలు



సాహిత్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఇది పెన్షనర్ల సభ కనుక పెన్షన్ పుచ్చుకున్న ఒక విమర్శకుని గురించే చెబుతాను. ఆయన ఇంగ్లండుకు చెందిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్. 1755లో వెలువడిన తన నిఘంటువులో పెన్షన్ అంటే దేశద్రోహానికి ముట్టే కూలి అన్న ధోరణిలో అర్థం రాశారు. 1762లో రాజుగారు ఆయనకే ఏడాదికి 300 పౌండ్ల పెన్షన్ మంజూరు చేశారు. కొంత తటపటాయించి, మిత్రులను సంప్రదించి, స్వీకరించారు. మనలో ఎవరం ఆయనను తప్పుపట్టం!

1777లో, తన 67వ ఏట, పుస్తక వ్యాపారుల కోరికపై ఆయన కవుల జీవితాలు రాయడానికి పూనుకున్నారు. 1779 నుంచి 1781 వరకు 52 మంది కవుల చరిత్రలు వెలువడ్డాయి. వాటిలో మొదటిది అబ్రహాం కౌలీ జీవితం. పదిహేడవ శతాబ్దపు కవుల గుంపు ఒకదానికి 'మెటాఫిజికల్ కవులు' అన్న పేరు స్థిరపడింది అందులోనే. మెటాఫిజిక్స్ అంటే కంటికి కనబడే దానికి ఆవలి తత్త్వాన్ని విచారించే శాస్త్రం. జాన్ డన్ ప్రేమకవితలలో కూడా ఈ శాస్త్రాన్ని జొప్పిస్తాడని 1693లోనే డ్రైడెన్ విసుక్కున్నారు.

జాన్సన్ అభియోగం ఏమిటి? ఈ కవులు పొంతనలేని భావాలను బలవంతంగా ఒకే కాడికి కట్టారని. పాండిత్యం చూపారే గాని హృదయాన్ని కదిలించలేదని. అయితే ఆయన ధర్మాత్ములు. ఇలా రాయాలన్నా చదువు, ఆలోచన ఉండి తీరాలని కూడా ఒప్పుకున్నారు.

కౌలీ విషయంలో ఈ తీర్పు చాలావరకు న్యాయమే. 1647లో ఒక సంపుటి నిండా ప్రేమకవితలు అచ్చువేసిన ఆ కవి, నిజంగా ప్రేమించింది ఒక్కసారేనని, అప్పుడైనా నోరు విప్పి చెప్పే ధైర్యం చేయలేదని జాన్సనే రాశారు. మన అవధానాలలో సమస్యాపూరణానికి చప్పట్లు కొడతాం; అవి చమత్కారానికి. ఇంటికి వెళ్లాక కూడా మనసులో మెదిలే పద్యం వేరు. ఈ తేడా జాన్సన్‌కు బాగా తెలుసు.

కాని డన్ కేసు వేరు. 1601లో ఆన్ మోర్‌ను రహస్యంగా పెళ్లాడినందుకు ఆయన ఉద్యోగం పోయింది. కొన్నాళ్లు జైలులో కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి పెద్ద సంసారంతో ఇబ్బందులు పడ్డారు. 1617లో భార్య పోయింది. ఎడబాటును గురించిన ఒక కవితలో ఆయన దంపతులను పిల్లల జామెట్రీ పెట్టెలో ఉండే వృత్తలేఖినితో పోల్చారు. ఒక కాలు నడుమ నాటుకుని ఉంటుంది, రెండోది తిరుగుతుంది. తిరిగేది దూరమైన కొద్దీ నిలిచినది దానివైపు ఒరుగుతుంది. ఈ పోలిక తెలివో, వెర్రో తేల్చడం కష్టమన్నారు జాన్సన్. ఉద్యోగరీత్యా బదిలీ మీద ఒకరు ఒక ఊళ్లో, పిల్లల చదువుల కోసం మరొకరు మరో ఊళ్లో ఉన్న దంపతులు ఈ సభలో చాలామంది ఉన్నారు. వారికి ఇందులో వెర్రి కనబడదని నా నమ్మకం.

జాన్సన్ 1752లోనే భార్యను పోగొట్టుకున్నవారు. నిజమైన దుఃఖానికి కల్పనలు అల్లే తీరిక ఉండదని మిల్టన్‌ను విమర్శిస్తూ అన్నారు. అనుభవించి అన్న మాట, కొట్టిపారేయలేం. కాని దుఃఖంలో ఉన్న మనిషి పోయినవారి కళ్లజోడునో, చేతికర్రనో చూసి కదిలిపోవడం మనం ఎరుగుదుం. చిన్న వస్తువును పట్టుకుని పెద్ద బాధను మోయడం దుఃఖానికి సహజమే.

జార్జి హెర్బర్ట్ కవిత్వాన్ని జాన్సన్ ఆ చర్చలోకి తీసుకోలేదు. 1633లో, ఆ కవి మరణించిన ఏడాదే, ఆయన సంపుటి వెలువడింది. అందులో ఒక కవితకు 'గిలక' అని పేరు. దేవుడు మనిషికి బలం, అందం, జ్ఞానం, గౌరవం, సుఖం అన్నీ ఇచ్చి, విశ్రాంతి ఒక్కటి తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడట. ఆ వెలితే గిలకలా మనిషిని పైకి లాగుతుందని భావం. విశ్రాంత ఉద్యోగులమని పేరు పెట్టుకున్న మనకు దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

1921లో టి.ఎస్. ఎలియట్ ఈ కవుల పక్షాన వాదించారు. వారికి ఆలోచన కూడా అనుభూతేనని ఆయన వాదం. అప్పటికి ఆయన లండన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి! ఆ వ్యాసం తర్వాత వీరికి గౌరవం బాగా పెరిగింది.

కనుక నా మనవి ఒక్కటే. గుంపునంతటినీ ఒకే తీర్పుతో కొట్టివేయడం గాని, ఒకే దండతో సన్మానించడం గాని తగదు. ప్రతి కవితనూ విడిగా చదివి, పోలిక బరువు మోస్తున్నదా, ఊరికే మెరుస్తున్నదా అని చూడాలి. చివరకు కవికి కీర్తినిచ్చేది సామాన్య పాఠకుడేనని 1781లో జాన్సనే రాశారు. ఆ అధికారంతోనే ఆయన తీర్పు మీద ఈ అప్పీలు మీ ముందు దాఖలు చేస్తున్నాను.