ఉపాధ్యాయ వృత్తికి పట్టా

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



గ్రంథాలయము అక్షరము వచ్చినవారికి అన్నసత్రము వంటిది. అక్షరము నేర్పువాడు లేనిచో సత్రపు తలుపులు తెరచియున్నను లోనికి వచ్చువారుండరు. కావున ఇరువదియైదేండ్ల పండుగనాడు ఈ ప్రశ్న వేసికొనుట అసందర్భము కాదు: ఉపాధ్యాయుడనిపించుకొనుటకు అర్హులెవరు? ఆ అర్హతను నిర్ణయింపవలసినవారెవరు?

వైద్యవృత్తికి ఇట్టి కట్టుబాటు మన దేశమున ప్రాచీనకాలముననే యున్నది. శాస్త్రము చదివి, చికిత్స కన్నులార చూచి, చేతులార చేసి, రాజానుజ్ఞ పొందిన పిదపనే వైద్యుడు వృత్తిలో ప్రవేశింపవలెనని సుశ్రుతసంహిత విధించుచున్నది. నేడును రిజిస్టరులో పేరెక్కనివాడు వైద్యము చేయరాదు. లెక్కల తనిఖీదారులకు 1949లోను, న్యాయవాదులకు 1961లోను ప్రత్యేక చట్టములు వచ్చినవి. ఈ వృత్తులన్నిటికిని మూడు అంగములు కలవు. ప్రవేశమునకు పరీక్ష మొదటిది. అర్హుల పేర్ల పట్టిక రెండవది. ధర్మము తప్పినవానిని విచారించి పేరు తొలగించు మండలి మూడవది. బడిపంతులుకు దేశమంతటికిని చెల్లునట్లుగా ఇంతవరకు దక్కినది మొదటి అంగము మాత్రమే.

అదియైనను తేలికగా రాలేదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలన్నిట బడుల లెక్క తీయించెను. తెలుగు వ్యాకరణమును, నిఘంటువును రచించిన కాంబెల్ దొర అప్పుడు బళ్లారి కలెక్టరు. తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు మాత్రమే కలరని ఆయన 1823లో వ్రాసెను. పిల్లలు వల్లించు పద్యముల భాష వాడుక మాటకు మిక్కిలి దూరమనియు, వాని అర్థము పిల్లలకే కాదు, నేర్పు పంతుళ్లలో పలువురికిని తెలియదనియు ఆయన కనుగొనిన లోపము. మూడేండ్లకు మన్రో కారణము చెప్పెను. నెలకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేని వృత్తికి తగిన యోగ్యత గలవారు రారని 1826 నాటి ఆయన అభిప్రాయము. ఈ రెండు మాటలను విడదీయరాదు. యోగ్యత చూడక జీతమిచ్చిన బిడ్డ చెడును; జీతమియ్యక యోగ్యత కోరిన యోగ్యుడు రాడు.

పంతుళ్లకు శిక్షణ యుండవలెనని 1854 నాటి వుడ్ పత్రము చెప్పెను. 1856లో మద్రాసులో ఉపాధ్యాయ శిక్షణకై నార్మల్ స్కూలు వెలసెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1993 నాటి చట్టముచే జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి అధికారము కలిగి, 1995లో అది పనికి దిగెను. అయినను ఆ మండలి పాలించునది ముఖ్యముగా శిక్షణ కళాశాలలను, కనీసార్హతలను. ఒక్కొక్క ఉపాధ్యాయుని పేరు వ్రాసికొని అతని నడవడికి పూచీపడు మండలి కాదది.

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. ఆ ఏడాది ఆగస్టు 23 నాటి ఉత్తరువుచే ఒకటి మొదలు ఎనిమిది తరగతులవరకు బోధింపగోరువారికి టెట్ పరీక్ష తప్పనిసరియైనది. ఆ పరీక్ష 150 మార్కులకు. అందు నూటికి అరువది రావలెను. కొన్ని వర్గములకు సడలింపు కలదు. చట్టము సర్కారు బడికే గాక ప్రైవేటు బడికిని వర్తించును.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు మరియొక అడుగు ముందుకు వేసెను. చట్టమునకు పూర్వము చేరినవారైనను, ఉద్యోగ విరమణకు అయిదేండ్లకు మించి గడువున్నచో రెండేండ్లలో టెట్ నెగ్గవలెనని తీర్పు చెప్పెను. ముప్పదియేండ్లు పాఠము చెప్పినవానికి ఇప్పుడు పరీక్షయా యని ఒకరు. పంతులు ఏ సంవత్సరమున చేరెనో బిడ్డకేమి తెలియును, బిడ్డకు కావలసినది మంచి చదువే కదా యని మరియొకరు. ఇరువురి మాటయందును న్యాయము కలదు. ఇరువురికిని సమాధానము చెప్పజాలనిది ఒంటరి పరీక్షయే.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున గణదాసు, హరదత్తుడు అను ఇద్దరు నాట్యాచార్యులకు ఎవరు గొప్పయను వివాదము పుట్టును. విద్య కలిగియుండుట వేరు, విద్యనందించు నేర్పు వేరు అను భేదము అచ్చట చర్చకు వచ్చును. తుదకు గురువులను ప్రశ్నలడుగరు. వారి శిష్యుల ప్రయోగమును చూతురు. చూచి తీర్పు చెప్పునది కళ తెలిసిన పరివ్రాజిక. నూటయేబది ప్రశ్నలు మొదటి గుణమును కొంతవరకు కొలువగలవు. రెండవ గుణమును కొలుచుటకు తరగతిలో కూర్చుండి పాఠము విని, పిల్లల పలక చూడగల తోటి ఉపాధ్యాయులే కావలెను.

అట్టి మండలి ఎక్కడనైన కలదా? స్కాట్లండులో 1965 చట్టముచే ఏర్పడినది. రిజిస్టరులో పేరు లేనివాడు అచ్చటి ప్రభుత్వ పాఠశాలలో బోధింపరాదు. తగని నడవడి రుజువైనచో పేరు తీసివేయుదురు. ఆ మండలిలో ఎన్నికైన ఉపాధ్యాయులకు పెద్ద పాలు కలదు. ఇంగ్లండులో 2000లో నెలకొన్న ఇట్టి మండలి మాత్రము 2012లో మూతపడెను. రుసుము చెల్లించుటయే తప్ప దానివలన తమకు ఒరిగినదేమియు లేదని అచ్చటి పంతుళ్లలో పలువురు తలచిరి. తనదనిపించని మండలిని వృత్తి నిలుపుకొనదు.

మన్రో పేరుతో ముడివడిన రైతువారీ పద్ధతిలో పట్టాకు మూడు ముఖములుండెడివి. పట్టాదారునకు భూమిపై హక్కు. సర్కారుకు శిస్తు చెల్లించు బాధ్యత. ఇంకొకడు గట్టు జరిపినచో అడుగుటకు ఆధారము. ఉపాధ్యాయునకిచ్చు లైసెన్సును ఇట్టిదే కావలెను. పట్టా లేనివానిని చౌకగా దొరకెనని పెట్టుకొనుటకు ఏ యాజమాన్యమునకును వీలుండరాదు, అది హక్కు. ఏటేట చదువు పెంచుకొనుట, బిడ్డను కొట్టకుండుట, హాజరు తప్పకుండుట, ఇది శిస్తు. ఫిర్యాదు వచ్చినపుడు పై అధికారి కోపమునకు గాక తోటివారి విచారణకు లోబడుట, అది రక్షణ. ఇవి లేని లైసెన్సు మరియొక కాగితమై, దానికొక లంచము పుట్టును.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయులకు వృత్తి ప్రమాణములుండవలెనని చెప్పినది. ఆ ప్రమాణములు వ్రాయుచోట పల్లెటూరి ఏకోపాధ్యాయుని మాటయు వినబడవలెను. అయిదు తరగతులను ఒక్క గదిలో నడుపువాని కష్టము పట్టణపు కొలబద్దకు అందదు.

ఇందు ఊరివారి పనియు కలదు. సర్కారు బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే యుండవలెనని విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. ఆ సమావేశమునకు పోవుడు. పంతులు అర్హత యేమని మర్యాదగా అడుగుడు. ప్రైవేటు బడిలోనైన జీతమెంతయనియు అడుగుడు. ఒక కారు పంట పోయిన మరుసటి కారున తీర్చుకొనవచ్చును. మూడవ తరగతి చదువవలసిన ఏడు బిడ్డకు మరల రాదు.

ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. డి.యస్.సి.కి, టెట్‌కు చదువుకొను యువతీయువకులకై ఒక బీరువా కేటాయింపుడు. అందు పరీక్షాపుస్తకములతోపాటు బాలల మనస్తత్వము, బోధనాపద్ధతులు తెలుపు గ్రంథములును ఉంచుడు. సాయంకాలము ఒక గంట అధికముగా దీపముంచుడు. రేపటి పంతుళ్లలో కొందరు ఆ బల్లవద్దనే కూర్చుండగలరు.

స్వస్తి.