సువార్తల్లోని స్త్రీలు: కల్పన ఎవరిది?

(ఒక మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట నవలల గురించి, అందులోనూ బైబిలు సువార్తల్లోని స్త్రీల మీద ఎక్కడెక్కడో వచ్చిన నవలల గురించి ప్రసంగం ఏమిటని మీలో కొందరికి అనిపించి వుంటుంది. నేను సాహిత్య విమర్శకురాలిని కాను. మతశాస్త్రం చదువుకున్నదాన్నీ కాను. సమాజశాస్త్రం నా రంగం. ఒక కథ జనం నోళ్ళలో నాని, నమ్మకమై, ఆ తర్వాత గోడలూ తాళాలూ హాజరు పుస్తకాలూ వున్న సంస్థగా ఎలా మారుతుందన్నది నన్ను ఎప్పుడూ వేధించే ప్రశ్న. మగ్దలేనే మరియ విషయంలో ఈ క్రమం మొదటినించి చివరిదాకా తేదీలతో సహా కనిపిస్తుంది. అందుకే ఆమెతో మొదలుపెడుతున్నాను.

సువార్తల్లో ఆమె గురించి వున్నది కొంచెమే. ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అని లూకా చెబుతాడు. యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలతో కలిసి తమ సొంత ఆస్తితో యేసు బృందాన్ని ఆదుకుందని కూడా అక్కడే వుంది. మగ శిష్యులు చెల్లాచెదురైనప్పుడు సిలువ దగ్గర వుంది. సమాధి దగ్గరికి వెళ్ళింది. యోహాను సువార్త ప్రకారం తిరిగి లేచిన యేసును మొట్టమొదట చూసిందీ, ఆ వార్త మిగతావాళ్ళకు మోసుకెళ్ళిందీ ఆమే. ఆమె వేశ్య అని నాలుగు సువార్తల్లో ఏ ఒక్కదానిలోనూ లేదు.

మరి ఆ మాట ఎక్కడినించి వచ్చింది? లూకా ఏడో అధ్యాయం చివర, పరిసయ్యుడైన సీమోను ఇంట్లో, పేరు చెప్పని ఒక పాపాత్మురాలు యేసు పాదాలను కన్నీళ్ళతో తడిపి తలవెంట్రుకలతో తుడుస్తుంది. ఎనిమిదో అధ్యాయం మొదట్లో మగ్దలేనే మరియ పేరు వస్తుంది. యోహాను సువార్తలో మార్త తోబుట్టువైన బేతనియ మరియ కూడా యేసు పాదాలకు అత్తరు పూస్తుంది. 591లో పోపు మొదటి గ్రెగరీ ఒక ప్రసంగంలో ఈ ముగ్గురూ ఒక్కరేనన్నాడు. ఏడు దయ్యాలంటే సమస్త పాపాలూ అని అర్థం చెప్పాడు. అంతటితో ముగ్గురు స్త్రీలు ఒక స్త్రీ అయిపోయారు, ఆ ఒక్క స్త్రీ పశ్చాత్తప్తురాలైన వేశ్య అయిపోయింది. తూర్పు సంఘాలు దీన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. రోమన్ కేథలిక్ సంఘం 1969లో పండుగల పట్టికను సవరించినప్పుడు ఈ కలగాపులగాన్ని వదిలేసింది. 2016లో ఆమె స్మరణ దినానికి అపొస్తలుల పండుగలతో సమానమైన హోదా ఇచ్చింది. మధ్యలో దాదాపు 1400 ఏళ్ళు గడిచాయి.

ఆ 1400 ఏళ్ళలో యూరప్ చిత్రకారులు విరబోసిన జుట్టుతో, జారిన పైబట్టతో, ఏడుస్తున్న మగ్దలేనేను కొన్ని వందలసార్లు గీశారు. అది వదిలేద్దాం. 1758లో లండన్‌లో, 1767లో డబ్లిన్‌లో ‘దారి తప్పిన’ స్త్రీల కోసం ఆమె పేరుతో ఆశ్రమాలు వెలిశాయి. ఐర్లండ్‌లో ఇవి క్రమంగా సన్యాసినులు నడిపే లాండ్రీలయ్యాయి. పెళ్ళి కాకుండా తల్లయిన ఆడపిల్లలు, ఇంట్లో అత్యాచారానికి గురైనవాళ్ళు, అనాథాశ్రమాలనించి పంపేసినవాళ్ళు, ఏ తప్పూ లేకుండా కేవలం పేదరికం వల్ల చేరినవాళ్ళు అక్కడ తాళాల వెనక జీతం లేకుండా హోటళ్ళ బట్టలూ ఆసుపత్రుల బట్టలూ ఉతికారు. లోపలికి వెళ్ళగానే చాలామందికి పేరు మార్చేవాళ్ళు. 1922 నించి చివరి లాండ్రీ మూతబడిన 1996 దాకా సుమారు 10,000 మంది వీటిలో వున్నారని 2013లో వచ్చిన ప్రభుత్వ నివేదిక తేల్చింది. ఆ ఫిబ్రవరిలోనే ఐర్లండ్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1993లో, డబ్లిన్‌లో ఒక కాన్వెంటు స్థలం అమ్మబోతూ అక్కడి సమాధులు తవ్విస్తే 155 మంది స్త్రీల అవశేషాలు బయటపడ్డాయి. వాళ్ళలో చాలామందికి మరణ ధృవపత్రాలే లేవు.

పవిత్ర గ్రంథంలోని స్త్రీల మీద నవలలు రాయటం అపచారం కదా అని ఎవరైనా అంటే నేను ఈ లెక్క వాళ్ళ ముందు పెడతాను. వేశ్య అయిన మగ్దలేనే కూడా కల్పనే. ఆ కల్పన చేసినవాడు రచయిత్రి కాదు కాబట్టి దాన్ని ఎవరూ కల్పన అనలేదు.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. మనం ‘రెస్క్యూ హోమ్’ అంటాం, ‘రక్షణ గృహం’ అంటాం. వ్యభిచార నిరోధక చట్టం కింద ఇలాంటి గృహాల్లో ఇష్టానికి వ్యతిరేకంగా వుంచిన వయోజన స్త్రీల విషయం పరిశీలించి, వాళ్ళను విడుదల చేయటానికి చర్యలు తీసుకోవాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చింది, అదీ 2022లో. పాపం, పశ్చాత్తాపం, పునరావాసం అనే మూడు మెట్ల కథ ఏ మతానిదైనా పనిచేసే తీరు ఒకటే.

ఇక నవలల దగ్గరికి వస్తాను. ముందు మగ రచయితల సంగతి క్లుప్తంగా. గ్రీకు రచయిత కజంజకిస్, పోర్చుగీసు రచయిత సరమాగో ఇద్దరూ చర్చి ఆగ్రహానికి గురైనవాళ్ళే. 1991లో వచ్చిన సరమాగో యేసు నవలను, మరుసటి ఏడాది ఒక యూరోపియన్ సాహిత్య బహుమతి పోటీకి వెళ్ళకుండా అక్కడి ప్రభుత్వమే అడ్డుకుంది. చర్చి చెప్పిన ప్రతి మాటనూ ప్రశ్నించిన ఈ ఇద్దరూ మగ్దలేనే వేశ్య అన్న ఒక్క మాటను మాత్రం ప్రశ్నించలేదు. వాళ్ళ నవలల్లోనూ ఆమె వేశ్యే. తిరుగుబాటు ఎక్కడ ఆగిపోతుందో చూడండి! హేరోదు ముందు నాట్యం చేసిన పిల్ల సంగతీ ఇంతే. ఆమెకు సువార్తల్లో పేరు కూడా లేదు. సలోమే అన్న పేరు యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఇచ్చింది. సువార్తలో ఆ పిల్ల ఏం అడగాలో తెలియక తల్లిని అడుగుతుంది. ఆస్కార్ వైల్డ్ నాటకానికి వచ్చేసరికి కామంతో రగిలిపోయే స్త్రీ అయింది.

2003 నాటి ‘ద డా విన్సీ కోడ్’ మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. 2006లో ఆ సినిమాను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. కొట్టివేయటం సరైనదే. కానీ అప్పుడు జరిగిన చర్చంతా యేసుకు పెళ్ళయిందా లేదా అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ కథలో మగ్దలేనే ఒక్క మాటయినా మాట్లాడదని ఎవరికీ పట్టలేదు. ఆమె అక్కడ వంశాన్ని మోసిన గర్భం మాత్రమే. వేశ్య స్థానంలోనించి తీసి భార్య స్థానంలో కూర్చోబెట్టారు. మనకు తెలిసిన రెండు గదుల్లో ఒకదానిలోనించి ఇంకొకదానిలోకి మార్చారు, అంతే.

మాట్లాడే మగ్దలేనే కావాలంటే 1984లో మిషెల్ రాబర్ట్స్ రాసిన ‘ద వైల్డ్ గర్ల్’ చదవాలి. ఆవిడ కేథలిక్ కుటుంబంలో పెరిగిన స్త్రీవాది. మగ్దలేనే తానే రాసుకున్న సువార్త ఒకటి భూమిలో దాగివుండి బయటపడిందన్నట్టుగా నవల నడుస్తుంది. ఈ ఊహకు ఆధారం లేకపోలేదు. మరియ పేరు మీద ఒక పురాతన సువార్త నిజంగానే వుంది. 1896లో కైరోలో కొన్న ఒక ప్రతిలో దొరికింది, 1955లో గానీ అచ్చు కాలేదు. మొదట ఆరు పేజీలు, మధ్యలో నాలుగు పేజీలు పోయాయి. మిగిలినదానిలో మరియ తనకు ప్రభువు చెప్పిన సంగతులు చెబుతుంటే పేతురు, మనకు తెలియనివి ఒక ఆడదానికి చెప్పాడా అని అభ్యంతరం పెడతాడు. మీటింగులో మహిళా కార్యకర్త మాట్లాడటం మొదలుపెట్టగానే ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకి ఈ దృశ్యం వివరించనక్కర్లేదు.

2020లో సూ మంక్ కిడ్ రాసిన ‘ద బుక్ ఆఫ్ లాంగింగ్స్’ ఇదే దారిలో నడిచింది. యేసుకు ఆనా అనే భార్య వుందని ఊహించారు. ఆమె హేరోదు అంతిప దగ్గర పనిచేసే పెద్ద లేఖకుడి కూతురు. చదువు నేర్చుకుంది, మరుగున పడ్డ స్త్రీల కథలు రాసి కుండల్లో పెట్టి పాతిపెడుతుంది. ఆసక్తిగా చదివిస్తుంది. అయితే నాకు దీనితో పేచీ వుంది. ఒక స్త్రీ చరిత్రలో కనిపించాలంటే ఆమె పెద్దింటి పిల్ల కావాలా, చదువుకుని వుండాలా, పైగా యేసు భార్య కూడా కావాలా? సువార్తల్లో వున్న స్త్రీలలో ఎక్కువమందికి ఈ మూడూ లేవు.

పేతురు అత్తగారినే చూడండి. జ్వరంతో పడుకుని వుంటుంది. యేసు చెయ్యి పట్టి లేపగానే లేచి వాళ్ళకు కావలసినవి చూస్తుంది. పేరు లేదు, మాట లేదు. తెలుగు బైబిల్లో ఆమె చేసిన పనికి ‘ఉపచారము’ అన్న మాట వాడారు. డబ్బు పెట్టి ఆదుకున్న యోహన్న, సూసన్నలు చేసిందీ ఉపచారమే. అపొస్తలుల కార్యములలో మగ శిష్యులు చేసే పనికి మాత్రం ‘వాక్యపరిచర్య’ అని వుంది. గ్రీకులో ఇవన్నీ ఒకే ధాతువునించి వచ్చిన మాటలు. ఆడవాళ్ళ పని వంటింటి వైపుకీ, మగవాళ్ళ పని వేదిక వైపుకీ పోవటానికి అనువాదం కూడా ఒక చెయ్యి వేస్తుంది. ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా 1983లో రాసిన గ్రంథంనించి స్త్రీవాద పండితులు ఇలాంటివి ఎన్నో బయటపెట్టారు. ఆవిడ ఆ పుస్తకానికి ‘ఆమె జ్ఞాపకార్థం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. మార్కు సువార్తలో యేసు తలమీద అత్తరు పోసిన స్త్రీ గురించి, లోకమంతటా ఆమెను తలుచుకుంటారని వుంది. తలుచుకోవటానికి మార్కు ఆమె పేరు రాయలేదు!

పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ విషయంలో ఇంకో చిక్కు వుంది. ఆమె మీద వచ్చిన కథల్లోనూ ప్రసంగాల్లోనూ యూదు మతం ఆమెను మైల అని వెలివేసిందని, యేసు వచ్చి విడిపించాడని చెబుతుంటారు. మార్కు చెప్పింది అది కాదు. ఆమె ఎంతోమంది వైద్యుల చేతుల్లో నానా బాధలు పడి, వున్నదంతా ఖర్చుపెట్టి, ఇంకా జబ్బు ముదిరిందని రాశాడు. మన ఆరోగ్య కార్యకర్తలకు రోజూ ఎదురయ్యే స్త్రీ ఆమె! యేసును స్త్రీ విమోచకుడిగా చూపటానికి యూదు సమాజాన్ని నల్లగా పులమవలసిన అవసరం ఏమిటని జూడిత్ ప్లాస్కో, ఏమీ జిల్ లివీన్ వంటి యూదు స్త్రీవాద పండితులు అడిగారు. మన సమాజాన్ని నల్లగా చూపి తమ పాలనను వెలుగుగా చూపుకున్న వలస పాలకుల రాతలు చదివిన మనకు ఈ ప్రశ్న వెంటనే అర్థం కావాలి. కొత్త నవలలు చదివేటప్పుడు నేను ముందుగా చూసేది ఇదే.

కోల్మ్ టోబిన్ 2012లో రాసిన ‘ద టెస్టమెంట్ ఆఫ్ మేరీ’ మగవాడు రాసినదైనా నాకు బాగా నచ్చింది. వయసు మళ్ళిన మరియ ఎఫెసులో వుంటుంది. ఇద్దరు మనుషులు వచ్చి ఆమె చేత తమకు కావలసినట్టు చెప్పించుకోవాలని చూస్తుంటారు. ఆమె తాను చూసింది మాత్రమే చెబుతుంది. కొడుకు చనిపోకముందే ప్రాణభయంతో అక్కడినించి వెళ్ళిపోయానని కూడా చెబుతుంది. 2013లో న్యూయార్క్‌లో దీన్ని నాటకంగా వేస్తే బయట నిరసనలు జరిగాయి. విశ్వాసులకు ఇది కష్టంగా వుంటుంది, కాదనను. కానీ వాంగ్మూలాలు రాసుకునే పనిలో వున్న మనం ఈ పుస్తకం తప్పక చదవాలి. కొడుకును పోగొట్టుకున్న తల్లి దగ్గరికి మనం కూడా ఒక ఫారం పట్టుకునే వెళ్తాం కదా. మన నివేదికకు సరిపోయే మాట ఆమె నోట రావాలని ఎదురుచూస్తాం కదా.

తెలుగులో ఓల్గా ‘విముక్త’ కథలు మీరంతా చదివినవే. సీత శూర్పణఖను కలుస్తుంది, అహల్యను కలుస్తుంది. మగవాళ్ళ ప్రమేయం లేకుండా స్త్రీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవటం ఆ కథల బలం. సువార్తల్లో అటువంటిది మరియ, ఎలీసబెతులు కలిసినప్పుడు తప్ప దాదాపు కనిపించదు. అయితే రామాయణాన్ని తిరగరాయటానికీ సువార్తలను తిరగరాయటానికీ మన దేశంలో తేడా వుంది. ఇక్కడ క్రైస్తవులు అల్పసంఖ్యాకులు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డు కులాల హోదాకు దూరమైనవాళ్ళు. బయటివాళ్ళం వెళ్ళి వాళ్ళ గ్రంథాన్ని సరిచేస్తామనటం నాకు సమ్మతం కాదు. అక్కడి స్త్రీలే రాయాలి, వాళ్ళ దగ్గర కావలసినంత సరుకు వుంది.

సమరయ స్త్రీ కథ తీసుకోండి. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బావికి వచ్చింది. నన్ను నీళ్ళడుగుతున్నావేమిటని యేసునే నిలదీసింది, ఆ తర్వాత ఆయనతో దేవుణ్ణి ఎక్కడ ఆరాధించాలన్న వాదానికి దిగింది. ప్రసంగాల్లో మాత్రం అయిదుగురు భర్తల సంగతే మిగులుతుంది. వాళ్ళు చనిపోయారో, ఆమెను వదిలేశారో వాక్యంలో లేదు. ఊరి బావి దగ్గరకు రానివ్వని వాడల్లో ఈ కథ విన్న స్త్రీలకు ముందు కనిపించింది భర్తలయి వుండదు, బావి అయి వుంటుంది. వినోదిని ‘దాహం’ నాటకం చదివినవాళ్ళకు నీళ్ళ వెనక కులం ఎలా నిలబడి వుంటుందో తెలుసు.

పంతొమ్మిదో శతాబ్దం చివరినించి ఒంగోలు ప్రాంతంలోనూ ఇతర తెలుగు జిల్లాల్లోనూ మాల, మాదిగ స్త్రీలు ‘బైబిలు స్త్రీలు’గా ఊరూరా నడిచి ఈ కథలు చెప్పారు. మిషనరీల నివేదికల్లో వాళ్ళు ఎన్ని ఊళ్ళు తిరిగారన్న లెక్కలు దొరుకుతాయి, ఏ మాటల్లో చెప్పారన్నది అరుదుగా దొరుకుతుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటలు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. బైబిలు స్త్రీల మనవరాళ్ళూ మునిమనవరాళ్ళూ ఇప్పటికీ మన పల్లెల్లో వున్నారు. మీరు పనిచేసే ఊళ్ళలోనే కొందరు వుంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక ముసలావిడను కూర్చోబెట్టి, మీ నాయనమ్మ సమరయ స్త్రీ కథ ఎలా చెప్పేదమ్మా అని అడగండి. ఫారం మాత్రం తీసుకెళ్ళకండి.