హక్కుగా వచ్చేదానికి చందాలెందుకు?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం 'తక్కువ ఖర్చుతో సంస్థను నడపటం'. నిర్వాహకులు ఈ మాట చెప్పగానే నాకు నవ్వొచ్చింది. ఎక్కువ ఖర్చుతో సంస్థ నడిపినవాళ్లు ఈ గదిలో ఎవరున్నారు గనక? చందాల మీద, ఎవరింట్లోనో కలిపి తెచ్చిన పులిహోర మీద మీటింగులు జరుపుకున్న వాళ్లమే అందరమూ. కాబట్టి పొదుపు పాఠం మీకు చెప్పబోను. మేం చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కిందట మా ఆఫీసుకు ఒకామె వచ్చింది. భర్త వదిలేసి వేరే కాపురం పెట్టాడు. ఇద్దరు పిల్లలు. బీడీలు చుట్టి బతుకుతోంది. మనోవర్తి కేసు వెయ్యాలి. మేం ఉత్సాహంగా నడుం కట్టాం. తెలిసిన ఒక లాయరును అడిగితే ఆరు వేలన్నాడు. మిత్రుల ఇళ్ల చుట్టూ తిరిగి నాలుగు వేలు పోగుచేశాం. మిగతా రెండు వేలకు ఆమె చెవి కమ్మలు కుదువ పెట్టింది. అంతటితో అయిందా? వాయిదా వాయిదాకీ స్టాంపులకని, టైపుకని, నకళ్లకని వందా, రెండొందలూ. డబ్బు లేక నాలుగు వాయిదాలకు ఆమె రానేలేదు. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చుని ఉంటే ఎదురుగా బోర్డు కనిపించింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని. ఆ బోర్డు ముందు నుంచి అప్పటికి ఎన్నిసార్లు నడిచామో! లోపలికెళ్లి అడిగితే అక్కడి గుమాస్తా, "ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేదమ్మా, దరఖాస్తు రాసిస్తే చాలు" అన్నాడు. వడ్డీ పెరిగి ఆ కమ్మలు అప్పటికే వేలంలో పోయాయి.

మేం చందాలు వసూలు చేసింది ఆమెకు చట్టం ఎప్పుడో ఇచ్చేసిన దానికోసం. ఈ సంగతి నేను ఇప్పటికీ మరచిపోలేను. అందుకే ఏ వస్తువైనా, ఏ సేవైనా తక్కువలో ఎక్కడ దొరుకుతుందని అడిగే ముందు, అది మనకు రావలసినదేనా అని అడగటం నేర్చుకున్నాం.

1976లో రాజ్యాంగంలో చేర్చిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పింది. దాన్ని అమలు చేసే న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987లో వచ్చినా, అమల్లోకి వచ్చింది 1995 నవంబర్ 9న. దాని 12వ సెక్షన్ ఎవరెవరు అర్హులో చెబుతుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, వెట్టి బాధితులు ఉన్నారు అందులో. స్త్రీలూ పిల్లలూ అని విడిగా ఉంది. ఆదాయ పరిమితి వీళ్లెవరికీ లేదు. అది మిగతావాళ్లకే. అంటే భర్త పేరున పదెకరాల పొలం ఉన్నా సరే, ఆమె అర్హురాలే. మన కార్యకర్తలు కూడా "తెల్లకార్డు ఉందా?" అని అడుగుతుంటారు. దయచేసి ఆ ప్రశ్న మానెయ్యండి. కేసులో పస ఉందా లేదా అన్నది మాత్రం వాళ్లు చూస్తారు.

సహాయం అంటే లాయరొక్కడే కాదు. కోర్టు ఫీజు, సమన్ల ఖర్చు, ధృవీకరించిన నకళ్లు, అనువాదం, అప్పీలు కాగితాలు తయారు చెయ్యటం, ఇవన్నీ అందులోవే. ఆ లాయరుకు ఫీజు ఆ సంస్థే ఇస్తుంది. ఆయన ఆమె దగ్గర పైసా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటారా అంటే, కొందరు పుచ్చుకుంటారు. 'ఖర్చులకు' అంటారు. మా దగ్గరకొచ్చిన ఇంకొకామెను అలాగే ఐదొందలడిగితే ఆమె పాపం ఇచ్చేసింది కూడా. మేం తేదీ వేసి, ఎంతిచ్చిందో రాసి, జిల్లా సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు ఇప్పించాం. ఆ కార్యదర్శి కూడా న్యాయాధికారే. లాయరును మార్చారు. కొత్తగా వచ్చినావిడ చాలా శ్రద్ధగా చేసింది. 'ఉచితం అంటే నాసిరకం' అని ముందే అనుకుని వదిలేస్తే అది నాసిరకంగానే మిగులుతుంది. అడిగేవాళ్లుంటే కొంతైనా బాగుపడుతుంది. జిల్లా కేంద్రం దాకా రాలేనివాళ్లకు మండల స్థాయి కమిటీలున్నాయి, 15100 నెంబరుకు ఫోనూ చెయ్యొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. అదే తలుపు లోంచి లోక్ అదాలత్‌కు కూడా పంపిస్తారు. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, ఖర్చూ కాలమూ కలిసొస్తాయి, నిజమే. కానీ లోక్ అదాలత్ ఇచ్చిన అవార్డు మీద అప్పీలు లేదు. "సర్దుకుపోమ్మా, ఎన్నాళ్లు తిరుగుతావు" అని నలుగురూ కూర్చోబెట్టి చెబితే తలూపి సంతకం పెట్టిన ఆడవాళ్లను నేను చూశాను. నెలకు ఎంతిస్తాడు, ఏ తారీఖున ఇస్తాడు, ఇవ్వకపోతే ఏమిటి, ఇవి కాగితం మీద లేకుండా వేలిముద్ర వెయ్యనివ్వకండి.

పోలీసు స్టేషన్ సంగతి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదు చేసినవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. పాత నేర ప్రక్రియా స్మృతిలో 154వ సెక్షన్ చెప్పిన ఈ మాటే 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్‌గా ఉంది. జిరాక్సుకని డబ్బులడిగితే సెక్షన్ నెంబరు చెప్పండి, చాలు. గృహహింస చట్టం కింద కోర్టు ఇచ్చిన ఉత్తర్వు నకలూ ఉచితమే (24వ సెక్షన్). ఆ చట్టం కింద నియమించిన రక్షణాధికారి ఆమెకు న్యాయ సహాయం, వైద్యం, తలదాచుకునే చోటు అందేలా చూడాలి. 'చూడొచ్చు' అని కాదు, 'చూడాలి' అని ఉంది. 2015 నుంచి వచ్చిన సఖి కేంద్రాల్లో ఇవి ఒకేచోట దొరకాలని ఉద్దేశం. అన్ని చోట్లా ఒకేలా లేవని మీకందరికీ తెలుసు.

ఆస్పత్రి గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. అత్యాచారానికో, యాసిడ్ దాడికో గురైన మనిషిని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే ముందు డిపాజిట్ కట్టమంటారు. మనవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి ఆ డబ్బు పోగుచేస్తుంటారు. 2013లో చట్టం మార్చి, ప్రభుత్వ ఆస్పత్రి గానీ ప్రైవేటుది గానీ, వెంటనే ఉచితంగా చికిత్స చెయ్యాలన్నారు. కొత్త సంహితలో అది 397వ సెక్షన్. చెయ్యకపోతే ఆస్పత్రి బాధ్యులకు ఏడాది దాకా జైలు. ఈ రెండు వాక్యాలూ తెలుగులో ఒక కార్డు మీద అచ్చు వేయించి మా కార్యకర్తల సంచుల్లో పెట్టాం. అర్ధరాత్రి పూట క్యాష్ కౌంటర్ దగ్గర వాదించాలంటే మాట తడబడుతుంది. కార్డు తడబడదు.

సమాచార హక్కు గురించి ఒక్క మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఎక్కడా లేదు. 30 రోజుల గడువు దాటితే కాగితాలు ఎన్ని పేజీలైనా ఉచితంగా ఇవ్వాలి. ఒంటరి స్త్రీల పింఛన్లు ఎందుకు ఆగిపోయాయో సర్వే చెయ్యటానికి నిధులడుగుతూ పెద్ద ప్రాజెక్టు రాసిన సంస్థ ఒకటుంది. మండలాఫీసులో ఐదు రూపాయల దరఖాస్తు పెట్టుంటే సగం సమాధానం వచ్చేది.

ఇక హక్కుగా రానివి. హాలు, కుర్చీలు, మైకు, కరపత్రాలు, పాత బట్టలు, కంప్యూటరు. వీటికి ఎవరినో ఒకరిని అడగాల్సిందే. అడగటంలో సిగ్గేం లేదు. ఎవరిని అడుగుతున్నామన్నదే చూసుకోవాలి. మా ఊళ్లో ఒక వ్యాపారి మాకు మూడేళ్లు హాలు ఊరికే ఇచ్చాడు, మార్చి 8న భోజనాలు కూడా పెట్టించాడు. బ్యానరు మీద ఆయన ఫొటో వెయ్యమంటే వేశాం. అంతలో ఆయన దుకాణంలో పనిచేసే అమ్మాయి మా దగ్గరకొచ్చింది. మేనేజరు వేధిస్తున్నాడని. ఆ రాత్రి మా సంఘంలో జరిగిన చర్చ తలుచుకుంటే ఇప్పటికీ తలవంపులుగా ఉంటుంది. "ముందు ఆయనతో ఒకసారి మాట్లాడి చూద్దాం" అన్న మాట వచ్చింది. అన్నది ఎవరో కాదు, నేనే. రెండు వారాలు అలా గడిపేశాం. పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఫిర్యాదుకు మూడు నెలల గడువు. తగిన కారణం చూపితే ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోటైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. చివరికి ఇప్పించాం. హాలు పోయింది. ఆ అమ్మాయి ఆ రెండు వారాలూ మమ్మల్ని ఎలా చూసిందో అది మాత్రం పోలేదు.

అప్పటి నుంచి మీటింగులు బడి గదుల్లో, గ్రంథాలయంలో, కార్మిక సంఘం ఆఫీసులో, మహిళా సమాఖ్య భవనంలో పెట్టుకుంటున్నాం. దుమ్ము మనమే ఊడ్చుకోవాలి, ఫ్యాను తిరిగితే తిరుగుతుంది. నెల్లూరు జిల్లాలో 1992లో సారా మీద లేచిన ఆడవాళ్లు కలుసుకున్నది అక్షరాస్యతా తరగతుల్లోనే కదా. ప్రభుత్వమే అచ్చువేసి ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ చదివి, ఆ ప్రభుత్వాన్నే సారా దుకాణాల గురించి నిలదీశారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది.

పాత బట్టల విషయం. వద్దనటం నేర్చుకోండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఎవరికీ పనికిరాని బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. ఏరటానికి, మొయ్యటానికి, పారెయ్యటానికి అయ్యే ఖర్చు మనమీదే పడుతుంది. ఢిల్లీలో 1999లో మొదలైన గూంజ్ వాళ్లు బట్టలను ఏరి, బాగుచేసి, ఊళ్లో జనం చేసుకున్న పనికి ప్రతిఫలంగా ఇస్తారు. ఆ పద్ధతిలో ఇచ్చేవాడి ముందు చెయ్యి చాపే పని ఉండదు. కంప్యూటరు పాతదైనా ఫరవాలేదు, దొంగ సాఫ్ట్‌వేరు మాత్రం వద్దు. లిబ్రెఆఫీస్ ఉచితం, మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ లాంటి యూనికోడ్ తెలుగు అక్షరాలూ ఉచితమే. కరపత్రాలకు ఇంకేం కావాలి?

లెక్కల్లో జాగ్రత్త. దుకాణదారులు వస్తువులిచ్చి, "ఇంత విలువని 80-జి రశీదు రాసివ్వండమ్మా" అంటారు. వస్తురూపంలో ఇచ్చినదానికి ఆ పన్ను రాయితీ లేదు. ఏమిచ్చారో రాసివ్వండి, విలువ వెయ్యకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ప్రేమగా ల్యాప్‌టాప్‌లు పంపుతామంటారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు సంస్థకు పంపితే అది వస్తువైనా విదేశీ విరాళమే, ఎఫ్.సి.ఆర్.ఎ. రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చెయ్యటమూ కుదరదు. పెద్ద సంస్థల నీడన బతికిన చిన్న సంఘాలకు దీనివల్ల ఎంత దెబ్బ తగిలిందో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ కమ్మలావిడ వాయిదాలకు రాలేకపోయింది బస్సు చార్జీలు లేకే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బుల్లేవు. కానీ గుర్తింపు కార్డు చూపించాలి. కట్టుబట్టలతో ఇల్లు వదిలి వచ్చిన మనిషి ఆధార్ కార్డు ఎక్కడుంటుంది? అత్తగారి బీరువాలో. అందుకని మేం ఇప్పుడు కేసు కాగితాల కన్నా ముందు ఆ కార్డు సంగతి చూస్తున్నాం. భర్త ఇవ్వకపోతే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రతో మళ్లీ తీయిస్తున్నాం.

మా ఆఫీసులో ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. ఏ ఆఫీసు ఎక్కడ, ఏ రోజు ఎవరుంటారు, ఏది ఉచితం, ఏ సెక్షన్ కింద, ఎవరు డబ్బులడిగారు, ఎవరు మర్యాదగా మాట్లాడారు, అన్నీ అందులో రాస్తాం. దాన్ని ఇక్కడికి తెచ్చాను. టీ తాగాక మండలాల వారీగా కూర్చుని మీ దగ్గరివి కూడా చెబితే రాసుకుంటాను.