మావయ్య డ్రాగ్ ఆర్ఎక్స్ 100: కొత్తగా చేయకండి, ఉన్నది ఉన్నట్టు దాచండి

వెనకాల చప్పుడు వినిపిస్తోంది కదా, అది రేకుల మీద వాన. రంపచోడవరంలో మా మావయ్య ఇంటి వెనక షెడ్‌లో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. ఆడియో కొంచెం అటూ ఇటూ ఉంటే సర్దుకోండి. ఇవాళ్టి టాపిక్‌లో సగం ఈ వానే.

ఇదిగో, బండి ఇదీ. యమహా ఆర్ఎక్స్ 100, 1991 మోడల్. టూ స్ట్రోక్, 98 సీసీ, 11 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. ఈ మోడల్ మన దేశంలో 1985 చివర్లో వచ్చింది, 1996లో ఆపేశారు. కాగితం మీద చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ బండి బరువు వంద కిలోల చిల్లరే. అందుకే గేర్ వేసి వదిలితే ఆ లాగుడు.

ఇది మాత్రం మామూలు ఆర్ఎక్స్ కాదు, డ్రాగ్ బండి. డ్రాగ్ అంటే మలుపులు ఉండవు. నిలబడ్డ చోటు నుంచి తిన్నగా 402 మీటర్లు, అంటే పావు మైలు. ముందు గీత దాటినవాడే గెలిచినట్టు. మావయ్య 90ల్లో తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద కూడా వేశాడు. అది తప్పని ఇప్పుడు ఆయనే అంటాడు, నేనూ అంటున్నా. మీకు అంత సరదా ఉంటే చెన్నై దగ్గర ట్రాక్ మీద ఎఫ్ఎంఎస్‌సీఐ వాళ్ళ నేషనల్ డ్రాగ్ ఛాంపియన్‌షిప్ పెడుతుంటారు. లైసెన్స్ తీసుకుని అక్కడ చూపించండి మీ తడాఖా.

సరే, బండిలో ఏం మార్చాడో చూద్దాం. హెడ్ అరగదీయించి కంప్రెషన్ పెంచాడు. ఎగ్జాస్ట్ పోర్ట్‌ని చేత్తో రాకి పెద్దది చేశాడు. ఆయిల్ పంపు పీకేసి, పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసేవాడు. బరువు తగ్గాలని బ్రాకెట్లకి డ్రిల్లుతో చిల్లులు పెట్టాడు, లెక్కపెడితే 31 ఉన్నాయి. సైలెన్సర్ బదులు ఈ లావుపాటి ఎక్స్‌పాన్షన్ చాంబర్. దీని పని భలే ఉంటుంది. పొగతో పాటు బయటికి జారిపోయిన కొత్త మిక్స్చర్‌ని, ఈ కోన్ నుంచి తిరిగొచ్చే ప్రెషర్ వేవ్ మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. టర్బో లేదు, ఏం లేదు. రేకు ఆకారంతోనే పవర్ వస్తుంది.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని చెప్తా.

పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు, పాత బండ్లు పోగుచేసే ఆయన. మంచి రేటు చెప్పారు. మావయ్యకి డబ్బు అవసరం ఉంది, మా మరదలు నర్సింగ్ చదువుతోంది. నేనేమో హుషారుగా, బండిని షోరూమ్ పీస్‌లా చేస్తే ఇంకా ఎక్కువ వస్తుందనుకున్నా. ఆయన్ని అడక్కుండా కుడి సైడ్ ప్యానెల్ విప్పి పెయింటర్‌కి ఇచ్చేశా. తళతళలాడుతూ వచ్చింది. ఆ ప్యానెల్ మీద మావయ్య 1994లో తెల్ల రంగుతో బ్రష్ పెట్టి రాసుకున్న 27 నంబర్ ఉండేది. పోయింది. నేను ఆరేళ్ళు కోడ్ రాసినవాణ్ణి, ఏం చెడగొట్టినా రివర్ట్ కొట్టొచ్చనే అలవాటు. పెయింట్‌కి రివర్ట్ లేదండి.

మావయ్య తిట్టలేదు. ప్యానెల్ అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే వేశాడ్రా" అన్నాడంతే. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అప్పట్నుంచి డ్రాగ్ బండ్లని ఎలా దాస్తారో చదవడం మొదలుపెట్టా. 1970ల్లో అమెరికాలో టి.సి. క్రిస్టెన్సన్ అనే రేసర్ ఒకే ఫ్రేమ్‌లో రెండు నార్టన్ ఇంజన్లు పెట్టిన బండి నడిపాడు. దాని పేరు హాగ్‌స్లేయర్. హార్లీ బండ్లకి అక్కడ హాగ్ అని ముద్దుపేరు, అంటే పంది. ఇదేమో ఆ పందుల్ని వేటాడేది! ఇప్పుడు దాంట్లో ఒక ఇంజన్ పీకేసి మామూలు నార్టన్‌లా పాలిష్ కొట్టి పెడితే దాన్ని ఎవరు చూస్తారు? మావయ్య బండిలో ఆ 31 చిల్లులు కూడా అంతే.

కానీ ఇక్కడో చిక్కుంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి రూల్స్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటాలి, బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు ఉండకూడదు. అప్పుడు వీఏ అనే అక్షరాలతో వేరే నంబర్ ఇస్తారు. మొట్టమొదటి ఆర్ఎక్స్‌కే 2035 దాకా ఆ చాన్స్ లేదు. ఇలా మార్చిన బండికి అప్పుడూ కష్టమే. అందుకే మీ దగ్గర ఇలాంటిది ఉంటే, కంపెనీ సైలెన్సర్, పాత హెడ్, ఆయిల్ పంపు, ఏది దొరికితే అది పెట్టెలో దాచి ఉంచండి. ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ జోలికి మాత్రం వెళ్ళకండి. అక్కడ గీకినట్టు కనిపిస్తే కొనేవాడు వెనక్కి తిరిగి చూడడు.

ఇక వాన సంగతి. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కింద ఆయిల్ నిలవ ఉండదు, మిక్స్చర్‌తో వచ్చిందే దిక్కు. బండి నెలల తరబడి నిలబడితే బేరింగులు ఎండిపోతాయి, ఈ కొండల తేమకి తుప్పు పడుతుంది. క్రాంక్ సీల్స్ గట్టిపడి గాలి లాగుతాయి. అలాంటి బండిని స్టార్ట్ చేసి రెయిజ్ చేశారా, పిస్టన్ పట్టేస్తుంది. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. అది తేమని పీలుస్తుంది, పాత రబ్బర్లని తినేస్తుంది.

అందుకని మేం చేసేది ఏంటంటే, వానలకి ముందే ట్యాంకూ కార్బురేటరూ పూర్తిగా ఖాళీ చేస్తాం. ప్లగ్ విప్పి ఒక చెంచా టూటీ ఆయిల్ పోసి, కిక్కర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుతాం. నెలకోసారి మళ్ళీ అలా తిప్పడమే. చాంబర్ మూతికి గుడ్డ కుక్కుతాం, లేకపోతే కందిరీగలు గూడు కడతాయి. కట్టాయి కూడా, ఒకసారి. సెంటర్ స్టాండ్ వేసి పైన పాత నూలు దుప్పటి కప్పుతాం. టార్పాలిన్ వద్దు, లోపల చెమట పట్టి ఇంకా పాడవుతుంది.

హైదరాబాద్ ఆయనకి ఫోటోలన్నీ పంపా, నా పెయింట్ పని కూడా దాచకుండా చెప్పా. ఆయన రేటు కొంచెం తగ్గించారు, న్యాయమే. "ఆ 27 మళ్ళీ రాయి మావయ్యా" అని అడిగా. "అప్పటి చెయ్యి కాదురా ఇది, వదిలెయ్" అన్నాడు. ఎడమ ప్యానెల్ మీద ఇంకో 27 ఉంది, సగం చెరిగిపోయింది. దాన్ని ముట్టుకోనని మాటిస్తేనే బండి ఇస్తానంటున్నాడు. ఆయన ఆదివారం వస్తున్నారు. సీల్స్ కొత్తవి వేశాం, రేపు పొద్దున వాన తెరిపిస్తే కిక్ కొట్టి చూడాలి.