పల్లెకారుల తీరము విహారస్థలమైన విధము



మన గ్రామములలో ప్రతి చెక్క భూమికిని ఒక లెక్క కలదు. ఇది మాగాణి, ఇది మెట్ట, ఇది పోరంబోకు అని దస్తరములలో వ్రాసియుందురు. సముద్రపుటొడ్డున నున్న యిసుకకు మాత్రము పట్టాదారు లేడు. తరతరములుగా దానిపై బ్రదుకువారికిని వ్రాతమూలకమైన హక్కు లేదు. అట్టి యిసుక యెట్లు చేతులు మాఱునో, ఒక యూరి చరిత్రమువలన మీకు విన్నవింపదలచితిని. ఆ యూరు కేరళదేశమున తిరువనంతపురమునకు దక్షిణముగా నున్న కోవళము. చెన్నపట్టణము చెంత అదే పేరుగల పల్లె మఱియొకటి కలదు. నేను చెప్పబోవునది దానిని గూర్చి కాదు.

ఈ కోవళము వద్ద కొండచఱియలు సముద్రములోనికి చొచ్చుకొనిపోయి, వాని నడుమ నెలవంకలవంటి యిసుకతీరములు ఏర్పడినవి. వెనుక కొబ్బరితోటలు. దక్షిణమున కొలదిదూరములో విళింజము కలదు. అది వేయి సంవత్సరములకు పూర్వము ఆయ్ రాజుల కాలమునందే పేరొందిన రేవు. 2025 మే నెలలో అక్కడ పెద్ద నౌకాశ్రయము ప్రారంభమైనది. ఈ తీరపు పల్లెకారులు మన తెప్పలవంటి కట్టుమరములపై సముద్రమునకు పోవుదురు; ఒడ్డున నిలిచి కరమడి యను పెద్దవలను లాగుదురు.

మన తీరమున అలివివల యనునట్టిదే ఆ కరమడి. త్రాటి యొక కొనను ఒడ్డున నుంచి, పడవపై వలను అర్ధచంద్రాకారముగా విడుచుచు పోయి, రెండవ కొనను దూరముగా మఱియొకచోట ఒడ్డునకు చేర్తురు. పిమ్మట రెండు జట్లవారు చెఱియొక త్రాడు పట్టి, పదము పాడుచు లాగుచు, క్రమముగా ఒకరికొకరు చేరువగుదురు. నడిసముద్రమునకు పోజాలని వృద్ధుడును ఈ త్రాడు పట్టవచ్చును. కావున ఈ వల చేపలను పట్టు సాధనము మాత్రమే గాక, ముసలితనమున కూడు పెట్టు నాధారమై యుండెను.

ఈ వలకు కావలసినవి మూడు: ఱాళ్లు లేని అడుగు, మెల్లగా వాలిన తీరము, అడ్డులేని యిసుక. సముద్రస్నానమునకు వచ్చు యాత్రికునకు కావలసినవేవి? సరిగా ఆ మూడే. కాలము సైతము ఒక్కటియే. వర్షకాలమున అక్కడి సముద్రము మిక్కిలి ఉగ్రముగా నుండును. ఆ నెలలు గడచి అలలు తగ్గినపుడే వల లాగుటకు అనువు. యాత్రికులు వచ్చునదియు అప్పుడే. ఇరుపక్షములకును పరస్పరద్వేషమేమియు లేదు. ఒకే యిసుకను, ఒకే ఋతువునందు, ఇరువురును కోరిరి. కథకు మూలమిదియే.

మార్పు ఒక్కనాట వచ్చినది కాదు. తిరువాన్కూరు రాజకుటుంబమువారు 1932లో అక్కడి గుట్టపై హాల్సియన్ కాజిల్ అను సౌధమును కట్టించిరి. అతిథులు వచ్చుచు పోవుచుండిరి. క్రింద వలలు యథాప్రకారము సాగుచుండెను. 1964లో ఆ సౌధము ప్రభుత్వమునకు చెందెను. పిమ్మట కేంద్రప్రభుత్వపు పర్యాటకసంస్థ పూనుకొనగా, చార్లెస్ కొరియా యను ప్రసిద్ధ వాస్తుశిల్పి ఆ కొండవాలులో ఒదిగియుండునట్లు గొప్ప వసతిగృహమును రూపొందించెను. 1974 నాటికి అది పూర్తియయ్యెను. 1972లో దీపస్తంభము వెలిగెను. ఆ దశాబ్దముననే హిప్పీలనబడు పాశ్చాత్య యువజనులు చౌకయైన తావులు వెదకుకొనుచు వచ్చిరి. ఊరివారు గదులు అద్దెకిచ్చిరి, భోజనము పెట్టిరి. తరువాత విమానములలో గుంపులుగా వచ్చువారు మొదలైరి. హోటళ్లు, అంగళ్లు, ఆయుర్వేద చికిత్సాలయములు దీపస్తంభపు తీరము పొడుగున బారులు తీఱెను.

నేను అక్కడికి పోయినపుడు, ఒక ప్రాతఃకాలమున గొడుగుల వరుసల నడుమ వల లాగుట చూచితిని. యాత్రికులు చుట్టును మూగి ఛాయాచిత్రములు తీయుచుండిరి. కొందఱు వేడుకకై త్రాడు పట్టిరి. ఒడ్డుకు వచ్చిన వలలో చేపలు బుట్టెడైనను లేవు. ఆ వల చేపలకంటె చూపఱులనే అధికముగ ఆకర్షించుచున్నదని నాకు తోచెను.

విహారస్థలమగుటవలన మేలు కలుగలేదని నేననను. రహదారులు వచ్చినవి, దీపములు వచ్చినవి. పల్లెకారుల బిడ్డలలో కొందఱు హోటళ్లలో ఉద్యోగములు పొందిరి. కొందఱు స్నానమాడువారిని కాపాడు భటులైరి. అయినను లాభము పంచుకొనిన తీరును గమనింపుడు. ఒడ్డు వెనుక కొబ్బరితోటకు పట్టా గలవానికి నేలవెల దక్కినది. ఇల్లు గలవానికి అద్దె దక్కినది. త్రాడు పట్టుటకు ఇసుకపై చోటు మాత్రమే గలవానికి వెలకట్టి యిచ్చినవారు లేరు. ఏలయన ఆ చోటు ఏ కాగితమునను లేదు. ఎవడును వానిని వెడలగొట్టలేదు. త్రాడు సాగుటకు తావు మాత్రము ఏటేట తఱిగినది.

చట్టము లేకపోలేదు. 1991 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము పోటునీటి గీటునుండి 500 మీటర్ల వఱకు గల నేలను నియంత్రణమునకు లోబఱచి, పల్లెతీరములందు మొదటి 200 మీటర్లలో క్రొత్త కట్టడములను సామాన్యముగా నిషేధించెను. 2019 జనవరిలో వెలువడిన ప్రకటన జనసాంద్రత యధికముగా గల పల్లెతీరములందు ఆ 200 మీటర్లను 50 మీటర్లకు కుదించినది. నడుమ 2011లో వచ్చిన ప్రకటనలో మనకు ముఖ్యమైన మాటయొకటి కలదు. తీరప్రణాళికల పటములలో మత్స్యకారుల గ్రామములను, వారి యుమ్మడి యాస్తులను, చేపలెండబెట్టు తావులను గుర్తింపవలెనని అది చెప్పినది. గుర్తింపవలసినది అధికారులే యైనను, చూపవలసినవారు గ్రామపు పెద్దలు.

తీరమునందు పల్లెకారులుండుట వారి మేలునకు మాత్రమే యని తలపరాదు. 2018 ఆగష్టులో కేరళమును వఱదలు ముంచినపుడు, తిరువనంతపురము, కొల్లము తీరములనుండి పల్లెకారులు తమ పడవలను లారీలపై నెక్కించుకొని లోతట్టు ఊళ్లకు పోయి, వేలకొలది జనులను రక్షించిరి. సముద్రముపై నేర్చిన విద్య ఆనాడు మెట్టప్రాంతపువారికి ప్రాణదానము చేసినది. ఒడ్డున పడవ నిలుపుకొనుటకు చోటులేనిచో, ఆ విద్య మఱుతరమునకు అందుట కష్టము.

మన తెలుగుతీరమునను యాత్రికుల రాక పెరుగుచున్నది. విశాఖపట్టణము దాపున ఋషికొండ తీరమునకు 2020లో నీలిజెండా యను అంతర్జాతీయపు గుర్తింపు లభించినది. యాత్రికులు రావలదనుట నా యభిమతము కాదు. వారు రాకమునుపే, ఊరివారు గ్రామసభలో గూడి, వలలాగు తావెంత, పడవలు నిలుపు తావెంత, చేపలెండబెట్టు తావెంత, సముద్రమునకు పోవు దారి యేది యని కొలిచి వ్రాసి, తీర్మానము చేసి, తీరప్రణాళిక చిత్తుపటము ప్రజాభిప్రాయమునకై వచ్చినపుడు దానిని దాఖలు చేయవలెను. సముద్రము లేని యూళ్లవారును తమ మందబయళ్లను, చెఱువుగట్లను గూర్చి యిట్లే చేయదగును. వ్రాతలోనికి రాని ఉమ్మడినేలను గూర్చి, అమ్మకము జరిగిన పిమ్మట అడుగుటకు ఎవరికిని ఆధారముండదు. కాగితము చిన్నదే యైనను, దానిని నేడే వ్రాసియుంచుట పెద్దల పని.